పీర్లచావడి వీధి కుళాయి

పోయిన వారం ఖైరున్నీసా తన వీధి కుళాయిని పానా పెట్టి విప్పుకొచ్చి, మా ఏఈగారి బల్ల మీద, సరిగ్గా ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టిన దగ్గర ఆగాం. ఆవిడ ఎందుకంత పని చేసిందో మరిచిపోయినవాళ్ల కోసం, ఇవాళే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

నా పేరు జీవరత్నం. రాళ్లపేట మునిసిపాలిటీ నీళ్ల విభాగంలో గుమాస్తాని. పీర్లచావడి వీధికి పదకొండు నెలలుగా చుక్క నీరు రాలేదు. నీళ్లు రాని కుళాయి దగ్గరికి బిందె పట్టుకుని ఎవరూ పోరు కదా, అందుకని ఆ కుళాయిని ‘ప్రజలు ఉపయోగించుకోవడం లేదు’ అని ఫైలు నడిచింది. ఉపయోగంలో లేని కుళాయిని పీకి, వైస్ చైర్మన్ బావమరిది కొత్తగా మేడ కట్టుకున్న కాలనీలో పాతాలని మా ఏఈ త్రికోటేశ్వరరావుగారు సెలవిచ్చాడు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో అందంగా రాసిపెట్టింది నేనే. చేతులు కడుక్కుందామన్నా మా ఆఫీసులో నీళ్లు రావు.

ఖైరున్నీసా మా ఆఫీసుకొచ్చిన మర్నాడు పొద్దున మేస్త్రీ వచ్చి కుళాయి దిమ్మె పగలగొట్టాలి. ఖైరున్నీసా పరుపులు కుట్టి బతుకుతుంది. మొగుడు రసూల్ మాచర్లలో లారీల షెడ్డులో పనిచేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. వాళ్ల పిల్ల హసీనా పదో తరగతి. తల్లికి నడుం పట్టేసింది కనుక మైలున్నర దూరంలోని సాగర్ కాలవ నుంచి నీళ్లు మోసేది ఆ పిల్లే. వారంలో మూడు రోజులు బడి ఎగ్గొడుతోంది. దిమ్మె ఉన్నంతకాలం ఏనాటికైనా నీళ్లొస్తాయని ఆశ ఉంటుంది కాబట్టి రసూల్ ఊరుకున్నాడు. అది కూలిన రోజు పిల్లని బడి మాన్పించి ఇంట్లో పెడతానని తేల్చి చెప్పేశాడు. ఖైరున్నీసా మొగుడి పానా చేతబట్టింది అందుకే.

కుళాయిని చూసి ఏఈగారు ముందు చేసిన పని కాఫీ గ్లాసుని దూరంగా జరుపుకోవడం. ఆ తరువాత నా వైపు చూశాడు, దాన్ని అక్కడ పెట్టింది నేనైనట్టు. ఆయన అలవాటు అది. ఊళ్లో పైపు పగిలినా, ట్యాంకులో కోతి పడినా ముందు నా వైపే చూస్తాడు. ఇంజనీరింగు చదివిన మనిషి. ఈ ఊరొచ్చి మూడేళ్లయినా ఒక్కసారి కూడా వాల్వు గుంట మూత ఎత్తి లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు. బూట్లకి బురద అంటుతుందని భయం. ఇంట్లో సొంత బోరు ఉంది కనుక ఊరి నీళ్లు ఆయనకి కాగితం మీద పారితే చాలు.

ఇది మునిసిపాలిటీ ఆస్తి అనీ, దీన్ని ఊడదీయడం నేరమనీ, ఎస్సైకి ఒక్క ముక్క రాస్తే స్టేషన్లో కూచోబెడతాడనీ వరసగా చెప్పుకుపోయాడు. ఖైరున్నీసా అడ్డం రాకుండా అంతా విన్నది. కొంగు నడుముకి దోపుకుని నిలబడి, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"కేసు తర్వాత రాసుకోండి సారూ. నీళ్లున్న పైపుకి కుళాయి ఊడదీస్తే ఏమైద్దో అది చెప్పండి నాకు."

ఆయన చెప్పక్కర్లేదు. నీళ్లు ఇంటికప్పు దాకా ఎగజిమ్ముతాయని మా బంట్రోతుకి కూడా తెలుసు.

"నిన్న రెండింటికి, మీరు నీళ్లొదిలే టయానికే ఊడదీశా. నా కొంగు తడవలా. మేం వాడుకోటల్లేదని రాశారంట గదా. ఏం వాడుకోమంటారు, గాలా?"

తలుపు దగ్గర బంట్రోతు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఏఈగారి చెవులు ఎర్రబడ్డాయి. జవాబు దొరకనప్పుడు చేసే పనే చేశాడు, గోడ వైపు వేలు చూపించాడు.

ఆ గోడ సంగతి చెప్పాలి. ఆర్నెల్ల కిందట మా కమిషనర్ హైదరాబాదులో ఏదో శిక్షణకి వెళ్లొచ్చాడు. జనం మాటిమాటికీ అడిగే ప్రశ్నలకి జవాబులు గోడ మీద రాయించి పెడితే సిబ్బంది సమయం కలిసొస్తుందని అక్కడెవరో చెప్పారట. ప్రశ్నలు పోగుచెయ్యమని నాకు పురమాయించాడు. ఫిర్యాదుల రిజిస్టరు తిరగేసి నేను పోగుచేశాను, జవాబులు ఏఈగారు చెప్పాడు, సినిమా బోర్డులు రాసే పెయింటరు నీలం రంగుతో రాశాడు. నీళ్లు ఎన్నింటికి వస్తాయి అన్నదానికి ‘నిర్ణీత వేళలయందు’ అని జవాబు. నీళ్లు ఎర్రగా వస్తున్నాయేమిటి అంటే ‘కొంతసేపు వదిలివేసి పట్టుకొనవలెను’. కొత్త కనెక్షను ఎన్నాళ్లకిస్తారు అంటే ‘వరుస క్రమమున’. పైపు కారుతుంటే ఎవరికి చెప్పాలి అంటే ‘కార్యాలయమునందు తెలుపవలెను’. ఆ ముక్క రాసి ఉన్నది కార్యాలయం లోపలి గోడ మీదే. మా వీధికి అసలు నీళ్లెందుకు రావడం లేదు అన్న ప్రశ్నకి మాత్రం ఏఈగారు కళ్లు మూసుకుని ఆలోచించి మరీ చెప్పాడు, ‘మీ వీధి ఎత్తు ప్రదేశమున ఉన్నందున’. ఊళ్లో ఏ వీధివాళ్లు వచ్చి మొత్తుకున్నా ఆయన చూపించేది ఆ జవాబే. ఆయన లెక్క ప్రకారం రాళ్లపేటలో ప్రతి వీధీ మిగతా వీధులన్నిటికన్నా ఎత్తులో ఉంది.

ఖైరున్నీసాకి చదువు రాదు. నన్ను చదవమంది. చదివాను. సిగ్గు లేకుండా గట్టిగానే చదివాను.

"నిరుడు గూడా అదే వీధి గదా సారూ. నిరుడు ఎక్కిన నీళ్లు ఈ యేడు ఎక్కకపోటానికి, వీధేమన్నా పెరిగిందా?"

ఇంకో సంగతి కూడా చెప్పింది. రోజూ మూడు దాటాక ఆ కుళాయి గుర్రుమంటూ గాలి లోపలికి పీలుస్తుందట. మూతికి వేలు అడ్డం పెడితే వేలు లాగుతుందట. ఆ ముక్క ఆవిడ మాకు చెప్పడం అది మొదటిసారి కాదు. ఎప్పుడో చలికాలంలోనే వచ్చి చెప్పింది. ‘కుళాయిలో శబ్దము. పరిశీలించడమైనది’ అని రిజిస్టరులో నా దస్తూరీతో ఉంది. ఎవరు పరిశీలించారో నాకు తెలియదు. నేనైతే ఆ వాక్యం రాసి టీ తాగడానికి పోయాను.

ఏఈగారు వాల్వు దానయ్యని పిలిపించాడు. ఇక్కడ మా ఊరికి నీళ్లు వదిలే పద్ధతి కొంచెం చెప్పుకోవాలి. పడమటి వీధుల వంతు మధ్యాహ్నం. ఒంటిగంటన్నరకి దానయ్య వాల్వులు తిప్పే నిలువెత్తు ఇనప తాళం భుజాన వేసుకుని బయల్దేరి, వీధి మొగలో ఉండే వాల్వులు ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోతాడు. రెండింటికి సైరను మోగుతుంది, ట్యాంకు దగ్గర పడమటి లైను వదులుతారు. మూడింటికి మళ్లీ సైరను. ట్యాంకు దగ్గర లైను కట్టేస్తారు, దానయ్య వచ్చిన దారినే వీధి వాల్వులు మూసుకుంటూ వెనక్కి పోతాడు. తాళం ఎడమకి తిప్పితే వాల్వు తెరుచుకుంటుంది, కుడికి తిప్పితే మూసుకుంటుంది. పద్దెనిమిది చుట్లు.

దానయ్య పని దొంగ కాదు. ముప్పై ఏళ్లు వాల్వులు తిప్పిన జాన్ సాహెబ్ రిటైరయ్యాక ఆ పనిలోకి వచ్చాడు, వచ్చినప్పటి నుంచి ఒక్కరోజు నాగా లేదు. పీర్లచావడి వాల్వు పద్దెనిమిది చుట్లూ రోజూ పూర్తిగా తిప్పుతున్నానని, కావాలంటే పిల్లల మీద ఒట్టేస్తానని చెప్పి అరచేతులు చాపి చూపించాడు. కాయలు కాసి ఉన్నాయి. ఏఈగారికి అంతకన్నా ఏం కావాలి. వాల్వు తెరిచే ఉంది, నీళ్లు మాత్రం రావడం లేదు, కాబట్టి తప్పు వీధిది. ఇంజనీరింగు అంటే అదే కాబోలు.

కుళాయిని సాక్ష్యం కింద బీరువాలో పెట్టి తాళం వేయించాడు. తరువాత నా చేత ఒక కాగితం రాయించాడు. కుళాయి తీసేయడానికి వీధివాళ్లకి అభ్యంతరం లేదని ఎవరైనా ఒక పెద్దమనిషి సంతకం పెట్టాలి, అది పద్ధతి. ఆ వీధిలోనే ఉండే జాన్ సాహెబ్ చేత పెట్టించుకు రమ్మన్నాడు. ముప్పై ఏళ్లు మన ఉప్పు తిన్నవాడు, చచ్చినట్టు పెడతాడని కూడా అన్నాడు. సాయంత్రంలోగా ఆ సంతకం వస్తే కేసు సంగతి మరిచిపోతానని ఖైరున్నీసా వైపు చూసి దయతలిచాడు.

దారి పొడుగునా ఖైరున్నీసా నాకన్నా పదడుగులు ముందు నడిచింది, వెనక్కి తిరగలేదు. నేను చంకలో ఫైలు పెట్టుకుని వెంటబడ్డాను. మా వెనక దానయ్య. తన మీద పడ్డ నింద కడుక్కోవాలని వాడి తాపత్రయం. వీధి మొగలో ఆగి, మాకు కనపడేలా మూత ఎత్తి, వాల్వుకి తాళం తగిలించి, పైకి లెక్కపెడుతూ పద్దెనిమిది చుట్లు ఎడమకి తిప్పి చూపించాడు. నేను బాగానే ఉందన్నట్టు తల ఊపాను. మా ఆఫీసులో తల ఊపడానికి కూడా ఒక మనిషి ఉండాలి, అది నేను.

జాన్ సాహెబ్ ఇంటి అరుగు మీద కిరసనాయిలు స్టవ్వు బాగుచేసుకుంటున్నాడు. రిటైరయ్యాక ఆయనకి అదే పని. రిటైరై పదకొండు నెలలైనా ఒంటి మీద మునిసిపాలిటీ ఖాకీ చొక్కానే, దానికి ఇస్త్రీ కూడా. ఎండన పడి అప్పుడే కాలవ నుంచి వచ్చినట్టుంది, ఆయన భార్య అమీనా బీ గుమ్మంలో నిలబడి ఆయాసపడుతోంది. ఆవిడకి రెండు మోకాళ్లూ వంగవు.

కాగితం ఇచ్చాను. కళ్లజోడు తెప్పించుకుని రెండుసార్లు చదివాడు. ఏఈగారే పంపారా అని అడిగాడు. అవునన్నాను. తనని ఆఫీసుకి రమ్మన్నారా, ఒట్టి సంతకం చాలన్నారా అని అడిగాడు. సంతకం చాలన్నారని చెప్పాను. ఆయన కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి నా చేతికిచ్చేసి, దానయ్య వైపు తిరిగాడు.

"ఒరేయ్, మన వీధి వాల్వు ఎటు తిప్పుతున్నావు?"

"ఎటేంది చాచా, అన్నిటికి మల్లేనే. ఎడమకి."

"అది కుడికి తిప్పితే తెరుచుకుంటది."

దానయ్యకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. జాన్ సాహెబ్ తాపీగా స్టవ్వు పిన్ను కడిగి గుడ్డతో తుడుచుకుంటూ చెప్పాడు. ఊళ్లో ఉన్న ముప్పై రెండు వాల్వుల్లో అదొక్కటే తేడా. ఇరవై ఏళ్ల కిందట విజయపురి సౌత్‌లో సాగర్ డ్యామ్ పనివాళ్ల క్యాంపు ఎత్తేసినప్పుడు పాత సామాను వేలం వేశారు. ఆ సామానులో మన మునిసిపాలిటీ కొనుక్కొచ్చిన వాల్వు అది. ఎక్కడ తయారైందో గానీ దాని మరలు అడ్డంగా, అంటే ఎదురు దిక్కుకి కోసి ఉన్నాయి. కుడికి తిప్పితే తెరుచుకుంటుంది, ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. గుంటలోకి దించింది జాన్ సాహెబే. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు, ఏ మ్యాపులోనూ లేదు. ఆయన బుర్రలో ఉంది.

కాసేపటికి నాకు సంగతి బుర్రకెక్కింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి దానయ్య తెరుస్తున్నాననుకుని ఆ వాల్వుని బిగించి మూసేస్తున్నాడు. నీళ్లు లైన్లో పారే ఆ ఒక్క గంటా అది మూసే ఉంటోంది. మూడింటికి లైను ఖాళీ అయ్యాక వచ్చి, మూస్తున్నాననుకుని పూర్తిగా తెరిచిపెట్టి పోతున్నాడు. కుళాయి గాలి పీల్చేది అప్పుడే. రోజుకి ఇరవై రెండున్నర గంటలు మా డిపార్టుమెంటు ఆ వీధికి వాల్వు బార్లా తెరిచి ఉంచింది, నీళ్లు లేనప్పుడు. పదకొండు నెలలపాటు ఒక మనిషి ఎంతో నిజాయితీగా, చుట్టు లెక్క తప్పకుండా, తన చేతులతో ఆ వీధి గొంతు బిగించాడు. దానయ్య తాళం వదిలేసి అరుగు అంచున కూలబడ్డాడు.

ఖైరున్నీసా దానయ్యని చూడలేదు. ఆవిడ చూపు జాన్ సాహెబ్ మీదే ఉంది.

"నీకెప్పుడు తెలిసింది చాచా?"

"మూడోరోజునే."

ఆ మాట ఆయన దాచలేదు, తడబడలేదు. ఒక రకమైన గర్వంతోనే చెప్పాడు. తన రిటైర్మెంటు నాటి సంగతి గుర్తుచేశాడు. పూలదండ వేశారు, లడ్డూ పెట్టారు. దానయ్యని వారం రోజులు వెంటబెట్టుకు తిప్పి వాల్వులన్నీ చూపిస్తానని ఆయన అడిగాడు. నీళ్లు తిప్పడానికి పాఠాలెందుకు సాయిబూ, ఇంటికెళ్లి పడుకో, అవసరమైతే పిలుస్తాంలే అన్నాడు ఏఈగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లడ్డూ నోట్లో ఉండగానే. మూడోరోజు వీధికి నీళ్లు రాకపోయేసరికి జాన్ సాహెబ్‌కి సంగతి అర్థమైపోయింది. ఇక పిలుస్తారని చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు. రోజూ రెండింటికి సైరను వినపడగానే వీధి మొగ వైపు చూసేవాడట.

"పిలుస్తామన్నారు. పిలవనీ, అప్పుడు చెబుదామనుకున్నా."

ఏఈగారి పొగరు నాకు కొత్త కాదు. జీతంతో పాటు వచ్చిన పొగరు అది, బదిలీ అయితే ఇంకొకడు అదే కుర్చీలో కూర్చుని అదే పొగరు తొడుక్కుంటాడు. ఈ ముసలాడు దానికన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. ఎవడో ఒకడు తనని అడగలేదని సొంత వీధిని ఎండబెట్టుకున్నాడు. కట్టుకున్నదాని మోకాళ్లు అరిగిపోతుంటే అరుగు మీద కూర్చుని చూశాడు. పౌరుషం అంటారు మా పల్నాట్లో దీన్ని, మీసం మీద చెయ్యేసి మరీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ క్షణంలో ఆయన మీద ఉమ్మెయ్యాలనిపించింది. నా మీద కూడా ఉమ్ముకోవాలి కదా అని గుర్తొచ్చి ఊరుకున్నాను.

గుమ్మంలో అమీనా బీ అలాగే నిలబడింది. తల మీది చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. మాట అన్నది ఖైరున్నీసా.

"వాళ్లు నిన్ను ఒక్కరోజు నవ్వుకున్నారు చాచా. నువ్వు మమ్మల్ని ఏడాది పొడుగునా ఏడిపించావు. నా పిల్ల బిందె మోసుకుని నీ అరుగు ముందు నించే పొయ్యేది గదా. సలామ్ చాచా అనేది. నువ్వేమనేవాడివి?"

జాన్ సాహెబ్ మొదటిసారి తల దించుకున్నాడు. "జీతీ రహో అనేవాణ్ణి" అన్నాడు. చల్లగా బతకమని దీవెన అది.

అప్పుడే సైరను మోగింది. రెండయింది. ట్యాంకు దగ్గర లైను వదిలారు. ఉన్నది ఒక్క గంట. ఖైరున్నీసా వీధి మొగ వైపు నడిచింది. సంగతి అప్పటికే నాలుగిళ్లకి పాకింది, ఆడవాళ్లు బిందెలు, బకెట్లు, దొరికినవాళ్లు గంగాళాలు కూడా పట్టుకుని బయటికొచ్చారు. జాన్ సాహెబ్ కూడా లేచి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

దానయ్య తాళం వాల్వుకి తగిలించాడు గానీ తిప్పలేకపోయాడు. ఏఈగారు చెప్పకుండా అడ్డదిడ్డంగా తిప్పి, రేపు ఏదైనా అయితే ఉద్యోగం పోతుందని, ఇంట్లో నలుగురు పిల్లలని గొణిగి, తాళాన్ని జాన్ సాహెబ్‌కి అప్పగించి పక్కకి తప్పుకున్నాడు. జాన్ సాహెబ్ కాళ్లు ఎడంగా పెట్టి, తాళం పిడి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పట్టు చూస్తే తెలిసింది, ముప్పై ఏళ్లు చేసిన పని చేతికి ఎంత అలవాటో. అయినా ఆయన తిప్పలేదు.

ఏఈగారిని పిలుచుకు రమ్మన్నాడు. ఆయన వచ్చి అడిగితే అప్పుడు తిప్పుతానన్నాడు.

అంత జరిగాక, అంత విన్నాక కూడా ఆయనకి కావలసింది అదే. ఆఫీసుకి పోయి ఏఈగారిని బతిమాలి తీసుకొచ్చేసరికి మూడవుతుంది. లైను కట్టేస్తారు, పొద్దున మేస్త్రీ వస్తాడు. నేను ఏదో నచ్చజెప్పబోయాను. నా మాట ఎవరు వింటారు. ఖైరున్నీసా మాత్రం వాదించలేదు. ముందుకొచ్చి, జాన్ సాహెబ్ వేళ్లు ఒక్కొక్కటిగా పిడి మీంచి తీసేసి, తానే తాళం పట్టుకుంది. ఆయన అడ్డుకోలేదు. అంత పని ఒక ఆడమనిషి చేస్తుందని ఆయన ఊహలో కూడా లేదు.

కుడికి తిప్పింది. మొదటి చుట్టుకే నడుం పట్టేసి పళ్లు బిగించింది. ఆగలేదు. నేను మనసులో లెక్కపెట్టాను. ఆరో చుట్టుకి కాళ్ల కింద నేలలో ఏదో కదిలినట్టు చప్పుడైంది. పదో చుట్టుకి వీధి ఆ కొస నుంచి అరుపులు వినపడ్డాయి. కుళాయి మా బీరువాలో ఉంది కదా, ఒట్టి పైపులోంచి నీళ్లు నిలువునా లేచాయి. ముందు ఇటుకపొడి రంగులో, తరువాత నల్లగా, తరువాత తెల్లగా. పెంకుల మీద పడి చూరుల్లోంచి కారాయి. ఆడవాళ్లు బిందెలు ఎక్కడ పెట్టాలో తెలియక నీళ్ల కింద నిలబడిపోయారు. ఒక ముసలావిడ నోరు తెరుచుకుని ఆ జల్లులోనే తాగింది. పద్దెనిమిదో చుట్టు అయ్యాక ఖైరున్నీసా తాళానికి చేరగిలబడి ఏడ్చింది. హసీనా ఒక్కతే అది చూడలేదు. ఆ రోజు ఆ పిల్ల బడికి పోయింది.

నాకు చానా సంతోషం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గు ఎందుకు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మా ఆఫీసు వల్ల ఒక వీధి నవ్వడం నేను చూడలేదు, ఇది కూడా మా వల్ల జరిగింది కాదనుకోండి.

వెనక జీపు హారను మోగింది. ఏఈగారు భోజనానికి ఇంటికి పోయే దారి అదే. రోడ్డు నిండా బిందెలు, జనం. రెండుసార్లు హారను కొట్టించి, ఎవరూ తప్పుకోకపోయేసరికి దిగాడు. బూట్ల కిందికి ఎర్రనీళ్లు పారుకుంటూ వచ్చాయి. ఆయన నీళ్లవైపు చూశాడు, తెరిచిన గుంట వైపు చూశాడు, తాళం పట్టుకున్న ఖైరున్నీసా వైపు చూశాడు. నిజం చెప్పాలి, తన నెత్తి మీదికి వచ్చేది అయితే ఆయనకి అర్థం కావడానికి అర నిమిషం చాలు. ఎత్తు ప్రదేశానికి నీళ్లెక్కాయి. వాడుకోవడం లేదన్న వీధి నీళ్ల కింద తడిసి ముద్దవుతోంది. రేపు కమిషనర్ ఫైలు అడుగుతాడు. ఆ ఫైలు అబద్ధమవకుండా ఉండాలంటే ఇంకెవరో దొంగ అవ్వాలి.

పదకొండు నెలలుగా ఈ వాల్వుని వీధివాళ్లే దొంగచాటుగా తిప్పి పాడుచేస్తున్నారని, ఇవాళ చేతిలో తాళంతో సహా పట్టుబడ్డారని ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు. నన్ను కాగితం తియ్యమన్నాడు. తీశాను. ఖైరున్నీసా కళ్లు తుడుచుకుని, ఈ వాల్వు అడ్డం మర వాల్వని, కావాలంటే దానయ్యని అడగమని చెప్పింది. దానయ్య నేల చూశాడు. ఏఈగారు నన్ను అడగలేదు. అడగకపోయినా చెప్పొచ్చు. నా పెన్ను మాత్రం తేదీ, సమయం, స్థలం రాసేసింది. మనిషి పేరు రాయాల్సిన చోట ఆగింది. కేసు అయితే ఆవిడ స్టేషనుకి, దిమ్మె మేస్త్రీ గునపానికి, పిల్ల కాలవకి.

సాక్షి కావాలి కదా. ఏఈగారు చుట్టూ చూసి జాన్ సాహెబ్ దగ్గరికి పోయాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ లేనిది ఆయన్ని మీరు అన్నాడు.

"జాన్ సాహెబ్‌గారూ, ఈ ఊరి వాల్వులు మీకు తెలిసినట్టు నాకు తెలియవు. రేపట్నించి ఆఫీసుకొచ్చి దానయ్యకి అన్నీ చూపించండి, కమిషనర్‌తో నేను మాట్లాడతాను. మీరు లేకపోతే డిపార్టుమెంటు నడవదు. ఇప్పుడొక్కటి చెప్పండి చాలు. ఈ వాల్వు పాడుచేసింది ఈ మనిషేనా?"

ఖైరున్నీసా జాన్ సాహెబ్‌ని బతిమాలలేదు, ఆయన మొహం కూడా చూడలేదు. గుంపు వెనకనుంచి అమీనా బీ కుంటుకుంటూ ముందుకొచ్చి నిలబడింది. జాన్ సాహెబ్ తడిసిన ఖాకీ చొక్కా కాలరు సరిచేసుకున్నాడు, ఏఈగారి ముందు నిటారుగా నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు. పదకొండు నెలలకి ఆయన్ని అడిగారు. ఆ ముసలి మొహంలో సంతోషం చూసి నాకు భయం వేసింది.